రెండో ఆర్డరు ఎవరిచ్చారు?

మాది పూర్ణా మార్కెట్ పక్క సందులో ప్యాకింగ్ సామాన్ల హోల్‌సేల్ షాపు. కవర్లు, పౌచ్‌లు, జార్లు, సీలింగ్ మెషీన్లు అమ్ముతాం. విశాఖలో పచ్చళ్లు, పొడులు, స్వీట్లు, టిఫిన్ పార్సిళ్ల వ్యాపారం కొత్తగా పెట్టేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మా మెట్లెక్కుతారు. మొదటి ఆర్డరు చూసి నేను ఎవరి గురించీ ఏమీ అనుకోను. రెండో ఆర్డరుకు వచ్చారా, ఎన్నాళ్లకు వచ్చారు, మొదటిదానికన్నా పెంచారా తగ్గించారా, అదే చూస్తాను. ఈ శీర్షికకు ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి మీద వచ్చాయి. ఏ వ్యాపారం పెట్టాలి, పెట్టబోయేది మంచిదో కాదో ముందే తెలుసుకునేదెలా అని. ఐదింటికి జవాబు రాస్తున్నాను. పేర్లు తీసేశాం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 27 ఏళ్లు. ఉండేది గాజువాక. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నాలుగు లక్షలు దాచుకున్నాను. మా దగ్గర చెక్క పాలెట్లు (సరుకు పేర్చి ఎత్తే బల్లలు) విరిగిపోయి, మంచివి దొరక్క నైట్ షిఫ్ట్‌లో లారీలు తరచూ ఆగిపోతాయి. అలా ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని ఏడు ఐడియాలు రాశాను. మిల్లెట్ టిఫిన్ సెంటర్, ఇంటికే తాజా చేపలు, టీషర్ట్ ప్రింటింగ్, వాటర్ ప్లాంట్, ఈవీ చార్జింగ్, బీచ్ రోడ్డులో ఫుడ్ ట్రక్, ఇళ్లకు పనివాళ్లను పంపే యాప్. వీటిలో ఏది మంచిది? దేనికి సబ్సిడీ ఎక్కువ వస్తుంది? మీరు ఒకటి చెప్తే అదే పెడతాను.

జవాబు: బాబూ, మీరు ఏడు రాశానన్నారు. నాకు ఎనిమిది కనిపించాయి. ఎనిమిదోదానికి మీరు నంబరు వేయలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఈ ఏడు. వీటిలో ఒక్కటి కూడా మీరు రోజూ చేసే పనిలోంచి రాలేదు. 'తక్కువ పెట్టుబడి, ఎక్కువ లాభం' అని వచ్చే వీడియోల్లో ఇవే తిరుగుతుంటాయి. అవే వీడియోలు చూసినవాళ్లు మా షాపుకు కూడా వస్తారు, అందరూ ఒకే సైజు డబ్బాలు అడుగుతారు. అంటే మీరు మొదలుపెట్టిన నెలలోనే మీలాంటివాళ్లు ఇంకా కొందరు అదే మొదలుపెడతారు. మిల్లెట్ ఇడ్లీ చెడ్డదని కాదు. దాన్ని మీరు పెడితే పక్కవాడికన్నా మీకు ఎక్కువ తెలిసింది ఏముంది? ఆ ప్రశ్నకు మీ ఉత్తరంలో జవాబు లేదు.

చేపల సంగతి చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మీ షాపు అద్దె ఆగదు, డెలివరీ కుర్రాళ్ల జీతం ఆగదు. అప్పుడు చెరువు చేపో, ఐసులో పెట్టిన చేపో అమ్మాలి. 'ఇంటికే తాజా సముద్రపు చేపలు' అని బోర్డు పెట్టుకుని అవి అమ్మితే, వంజరానికీ చందువాకీ అలవాటు పడ్డ ఇంట్లో ఒక్కసారే మోసపోతారు. పైగా మీ పోటీ ఎవరితో? పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకొచ్చి, ముక్కలు కోసి శుభ్రం చేసిచ్చే ఆడవాళ్లతో. ఆ ఇంట్లో ఎవరు తలకాయ తింటారో, ఎవరు ఏ రోజు నీచు ముట్టరో కూడా ఆవిడకు తెలుసు. ఆవిడకు రాని పని ఏదో మీకు వస్తేనే దిగండి. అపార్టుమెంట్లలోకి ఆవిణ్ని రానివ్వడం లేదు కాబట్టి అక్కడ చోటుంది అంటారా, అది ఆలోచించదగ్గ మాటే. కానీ అలా మీరు రాయలేదు.

ఫుడ్ ట్రక్ గురించి ఒక్క మాట. ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో జనాన్ని చూసి ఎవరూ లెక్కలు వేయకండి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. వానాకాలంలో వెళ్లి చూడండి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర మార్గశిర గురువారాల్లో కాలు పెట్టే చోటుండదు. అక్కడి కొబ్బరికాయల వాళ్లకు ఆ నెల ఎంత ముఖ్యమో తెలుసు కాబట్టే మిగతా పదకొండు నెలల ఖర్చు చాలా చిన్నదిగా పెట్టుకుంటారు. మీ ట్రక్ ఈఎంఐ మాత్రం అన్ని నెలలూ ఒకటే.

మిగతావాటి మీద నేను ఎక్కువ రాయను. యాప్ అయితే అసలు వద్దు. పనివాళ్లు మీ దగ్గర లేరు, ఇళ్లవాళ్లు మీ దగ్గర లేరు, మధ్యలో యాప్ ఒక్కటే ఉంటే ఏం లాభం?

ఇప్పుడు ఎనిమిదోది. పాలెట్లు విరిగి లారీలు ఆగుతాయని రాశారే, అది. మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు. నేను దాన్ని ఐడియాగా చదివాను. ఎందుకంటే లారీ ఆగితే ఎవరో డబ్బు కడుతున్నారు. లారీవాడు ఆగినందుకు హాల్టింగ్ చార్జీ అడుగుతాడు, హమాలీలు ఖాళీగా కూర్చుంటారు, డిస్పాచ్ లేటయిందని మీ మేనేజర్ తిట్లు తింటాడు. ఒక ఇబ్బంది వల్ల ఇప్పటికే డబ్బు పోతోందంటే, దాన్ని తీర్చేవాడికి అందులో కొంత ఇవ్వడానికి ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. ఈ ఇబ్బంది మీకు తెలిసినంత దగ్గరగా వీడియోలు చూసేవాళ్లకు తెలియదు. విరిగిన పాలెట్లను తీసుకెళ్లి, పలకలు మార్చి, మేకులు కొట్టి, నికరంగా వారానికి ఇన్ని అని తెచ్చిచ్చే పని. గాజువాక ఆటోనగర్ వైపు ఒక చిన్న షెడ్డు, రంపం మెషీన్, కంప్రెసర్, నెయిల్ గన్, ఇద్దరు వడ్రంగులు, ఒక అద్దె వ్యాను. పని ఇంతే.

అయితే ఇది మంచిదని నేను చెప్పడం లేదు. చూడదగ్గదని చెప్తున్నాను. చూడడం ఎలాగో కూడా చెప్తాను.

మొదట, చెక్క పాలెట్లు మీ కంపెనీలో ఎక్కడ వాడుతున్నారు, ప్లాస్టిక్‌వి ఎక్కడ వాడుతున్నారు? మందుల తయారీ జరిగే చోటికి చెక్కను రానివ్వరని మీకు తెలిసే ఉంటుంది. గోడౌన్‌లో, డిస్పాచ్‌లో ఇంకా చెక్క ఉంది. అది కూడా రెండేళ్లలో ప్లాస్టిక్‌కు మార్చే ఆలోచన ఉందేమో స్టోర్స్ వాళ్లను అడగండి. ఉంటే ఈ ఐడియా ఆయుష్షు రెండేళ్లే. ఇక ఎగుమతికి వెళ్లే పాలెట్లు వేరే లోకం. విదేశాలకు వెళ్లే చెక్క ప్యాకింగుకు ఐఎస్‌పీఎం-15 అని అంతర్జాతీయ నియమం ఉంది. చెక్క లోపలి మధ్యభాగం కూడా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలి, లేదా మరో ఆమోదించిన పద్ధతిలో పురుగు చంపాలి. దాని మీద ముద్ర ఉండాలి. ఆ ముద్ర వేసే అధికారం అనుమతి పొందిన యూనిట్లకే ఉంటుంది. రిపేరుకు వేసే కొత్త పలక కూడా అలా ట్రీట్ చేసిందే కావాలి. మీ నాలుగు లక్షలతో ఆ ప్లాంటు రాదు. అందుకని దేశంలో తిరిగే పాలెట్లతోనే మొదలుపెట్టాలి. మీ గోడౌన్‌లో విరిగేవాటిలో ఇవి ఎన్ని, అవి ఎన్ని? ఒక నెల పాటు మీ షిఫ్ట్‌లో రాసుకోండి. పది నిమిషాల పని.

రెండోది, కొత్త పాలెట్ ఎంతకు కొంటున్నారు? ఆ రేటు మీ స్టోర్స్ కాగితాల్లో ఉంటుంది. రిపేరు రేటు అందులో సగం దాటితే కొనుగోలు విభాగం వాళ్లు కొత్తదే కొనేస్తారు. సగం లోపల మీకు కలప, మేకులు, కూలి, వ్యాను పోగా ఏమైనా మిగులుతుందా? ఒక వడ్రంగికి రోజు కూలి ఇచ్చి, పది విరిగిన పాలెట్లు బాగు చేయించి చూడండి. రోజుకు ఎన్ని అవుతాయో, ఎంత కలప పడుతుందో అప్పుడే తెలుస్తుంది. కాగితం మీద తెలియదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైంది. కంపెనీలు రొక్కం ఇవ్వవు. నెలకు లక్ష రూపాయల పని చేశారనుకోండి, అందులో మీ చేతి నుంచి 75 వేలు ముందే ఖర్చవుతాయి. బిల్లు మూడు నెలలకు వస్తే 2 లక్షల 25 వేలు బయట ఇరుక్కుంటాయి. మెషీన్లకు, షెడ్డు అడ్వాన్సుకు పోగా మీ నాలుగు లక్షలు అక్కడితో సరి. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెప్తోంది, ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. దానికోసం ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, చేసుకోండి. అది ఆన్‌లైన్‌లో ఉచితం, రెండు వేలు అడిగే ఏజెంటు దగ్గరికి వెళ్లకండి. కానీ చట్టం ఉంది కదా అని మొదటి బిల్లుకే కస్టమర్ మీద ఫిర్యాదు పెట్టేవాళ్లు ఎవరుంటారు? కాబట్టి 90 రోజులే లెక్క వేసుకోండి. ముప్పై రోజులకు ఇచ్చే చిన్న కంపెనీ దొరికితే రేటు కాస్త తగ్గించైనా దాన్ని పట్టుకోండి.

ఇంకో సంగతి. ఉద్యోగంలో ఉంటూ మీ కంపెనీకే సప్లయి చేయకండి. తెలిస్తే ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది. పక్క కంపెనీల గోడౌన్ వాళ్లు మీకు టీ కొట్టు దగ్గర తెలిసే ఉంటారు. వాళ్లతో 'బాగుందా ఈ ఆలోచన' అనకండి. అందరూ బాగుందనే అంటారు. 'పోయిన నెల మీకు ఎన్ని విరిగాయి, ఏం చేశారు, ఎంతయింది' అని అడగండి. ఏం చేయలేదు, గోడౌన్ వెనక పడేశాం అని ముగ్గురు చెప్తే, వాళ్లకు అది ఇబ్బందే కాదన్నమాట, వదిలేయండి. ఒకరైనా 'మొన్న అనకాపల్లి నుంచి వడ్రంగిని పిలిపించాం' అంటే అక్కడ బేరం ఉంది. 'ఈ ఇరవై తీసుకెళ్లి చేసి చూపించు' అంటే ఇంకా మంచిది. ఆ ఇరవై అయ్యాక వాళ్లే ఫోన్ చేస్తారా లేదా అన్నదాని కోసం ఉద్యోగం మానకుండా ఎదురుచూడండి.

సబ్సిడీ చివర్లో అడగాల్సిన ప్రశ్న, మీరు ముందు అడిగారు. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకు కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ లాంటి పథకంలో వర్గాన్ని బట్టి, ఊరా పట్నమా అన్నదాన్ని బట్టి 15 నుంచి 35 శాతం దాకా ఇస్తారు. కానీ ఆ డబ్బు మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, లోను కిస్తీలు సరిగ్గా కడుతుంటేనే సర్దుబాటు చేస్తారు. అంటే ముందు వ్యాపారం మూడేళ్లు బతకాలి. దరఖాస్తుకు వెళ్లాల్సింది, షెడ్డు గాజువాకలో పెడితే విశాఖ జిల్లా పరిశ్రమల కేంద్రం, పరవాడలో పెడితే అనకాపల్లి. 2022లో జిల్లాలు విడిపోయాక చాలామంది ఈ రెండింటి మధ్య తిరుగుతున్నారు.

ప్రశ్న: అక్కా, మాది మధురవాడ. మా ఇంటికి ఎవరొచ్చినా నా కందిపొడి, కరివేపాకు పొడి తిని 'బిజినెస్ పెట్టు' అంటారు. పావు కిలో కందిపొడికి సరుకులకు 55 రూపాయలవుతోంది. 110కి అమ్మితే సగానికి సగం లాభం. చుట్టుపక్కల సూపర్ మార్కెట్లలో పెడదామని ఉంది. నా పేరుతో రంగుల్లో ప్రింట్ చేసిన పౌచ్‌లు ఎన్ని వేయించుకోమంటారు?

జవాబు: చెల్లెమ్మా, పౌచ్‌లు అమ్మేదాన్ని నేను చెప్తున్నాను, ఒక్కటి కూడా వేయించకండి. ఆ రంగుల పౌచ్‌లు రోటోగ్రేవర్ పద్ధతిలో ప్రింట్ అవుతాయి. ప్రతి రంగుకూ ఒక సిలిండర్ చేయించాలి. ఆ ఖర్చు రాబట్టుకోవాలి కాబట్టి ప్రెస్సు వాళ్లు వేలల్లో తప్ప ఆర్డరు తీసుకోరు. తీరా వచ్చాక ఫోన్ నంబరు మారుతుంది, రేటు మారుతుంది, లేదంటే మీకే కందిపొడి మానేసి మునగాకు పొడి చేయాలనిపిస్తుంది. మిగిలిన పౌచ్‌లు మంచం కింద ఉంటాయి. అలాంటివి తిరిగి తీసుకోమని మా షాపుకు తెచ్చినవాళ్లు ఉన్నారు. పేరు ప్రింటయిన పౌచ్ నేనేం చేసుకోను? జిప్ ఉన్న సాదా స్టాండింగ్ పౌచ్‌లు వంద, వాటి మీదకు స్టిక్కర్లు వంద. చాలు. స్టిక్కరు మీద పొడి పేరు, వేసిన సరుకులు, బరువు, ఎంఆర్‌పీ, తయారుచేసిన తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చో, మీ పేరు, చిరునామా, ఫోను, శాకాహారం గుర్తు, 14 అంకెల ఫుడ్ సేఫ్టీ నంబరు ఉండాలి. ఇంట్లో చేసి అమ్మినా ఆ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్నవాళ్లకు ఫీజు తక్కువే, భయపడేదేం లేదు.

ఇక సగానికి సగం లాభం అన్నారు. కూర్చుని వేద్దాం. సరుకులు 55. పౌచ్, స్టిక్కరు కలిపి 8. గ్యాసు, మిల్లు 5. అక్కడికి 68. వేయించి, చల్లార్చి, పట్టించి, జల్లించి, తూచి, సీలు వేసే మీ చేతికి ప్యాకెట్టుకు 12 రూపాయలైనా వేసుకోరా? మీరు వేసుకోకపోయినా, రేపు ఆర్డర్లు పెరిగి మనిషిని పెట్టుకుంటే ఆవిడ వేసుకుంటుంది. మొత్తం 80. ఇప్పుడు సూపర్ మార్కెట్ వాడు 25 శాతం మార్జిన్ అడిగాడనుకోండి, 110లో మీకు వచ్చేది 82 రూపాయల 50 పైసలు. ప్యాకెట్టుకు మిగిలింది రెండున్నర. అందులోనే ఆటో, అందులోనే అమ్ముడుపోక తిరిగొచ్చే ప్యాకెట్లు, అందులోనే నెల తర్వాత ఇచ్చే డబ్బు. అదే ప్యాకెట్ మీరే నేరుగా ఇంటికి అమ్మితే 30 మిగులుతుంది. పొడి ఒకటే, చెయ్యి ఒకటే. ఎవరికి ఏ దారిలో అమ్ముతున్నారన్నదాన్ని బట్టి ఒకటి వ్యాపారం, ఇంకోటి ఒళ్లు నొప్పులు. అందుకే కొత్తవాళ్లు 'నా పొడి బాగుందా' అన్నదాని మీద పెట్టే టెన్షన్‌లో సగమైనా ఈ దారి మీద పెట్టాలి.

బిజినెస్ పెట్టమన్న చుట్టాలు మంచివాళ్లే, కానీ వాళ్లు డబ్బులిచ్చి తినలేదు. వాళ్లను వదిలేసి, మధురవాడలో మీకు తెలియని ఒక అపార్టుమెంట్ చూడండి. కొత్తగా వచ్చిన ఉద్యోగస్తులు, భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లేవాళ్లు ఉన్నది మేలు. ఫ్రీ శాంపిల్ ఇవ్వకండి. ఫ్రీగా ఇస్తే ఎవరైనా తీసుకుంటారు, పొగుడుతారు కూడా. చిన్న ప్యాకెట్ చేసి, అసలు రేటు లెక్కన అమ్మండి. ఇరవై ఇళ్లు చాలు. పావు కిలో పొడి ఒక ఇంట్లో అవడానికి మూడు వారాలైనా పడుతుంది, కాబట్టి నెల దాకా ఏమీ తేల్చుకోకండి. నెల తర్వాత మీరు అడగకుండా ఎంతమంది మళ్లీ అడిగారో చూడండి. ఇరవైలో ఆరుగురు అడిగినా నాకు సంతోషం. ఇద్దరే అడిగితే మిగతా పద్దెనిమిది మందిలో నలుగురి దగ్గరికి వెళ్లి డబ్బాలో పొడి ఇంకా ఉందా అని చూడండి. ఉంటే రుచో కారమో నచ్చలేదు. అయిపోయి కూడా అడగలేదంటే మీరు వాళ్లకు గుర్తులేరు, లేదా ఆ రేటు పెట్టి మళ్లీ కొనాలనిపించలేదు. ఈ మూడింటికీ మందు వేరు.

విశాఖలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. మన గాలిలో తేమ ఎక్కువ. వేయించిన పప్పు పూర్తిగా చల్లారకుండా పట్టిస్తే పౌచ్‌లోనే ఉండకడుతుంది. కొబ్బరి, పల్లీ వేసిన పొడి కందిపొడి కన్నా త్వరగా మక్కువాసన వస్తుంది. ఒక బ్యాచ్ చేసినప్పుడల్లా మూడు ప్యాకెట్లు అలమారలో దాచి, నెలకొకటి విప్పి చూడండి. 'మూడు నెలలు వాడొచ్చు' అని స్టిక్కరు మీద రాసే ముందు మీకు తెలియాలి కదా. అమ్మకాలు పెరిగితే గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నా దగ్గర ఒక సూపర్ ఐడియా ఉంది. ఎవరికైనా చెప్తే కాపీ కొడతారని భయం. ముందే రిజిస్టర్ చేసుకోవచ్చా?

జవాబు: అదేమిటో నాకు కూడా చెప్పలేదు, కాబట్టి కాపీ కొట్టే అవకాశం నాకు రాలేదు. ఉత్త ఆలోచనను ఎవరి పేరునా రిజిస్టర్ చేయరు. కొత్త వస్తువో, కొత్త పద్ధతో కనిపెట్టి ఉంటే పేటెంట్ అడగొచ్చు. అలాంటిదైతే మాత్రం దరఖాస్తు పెట్టేదాకా నలుగురిలో చూపించకండి, ముందే బయటపెడితే పేటెంట్ రావడం కష్టం. వ్యాపారం పేరుకైతే ట్రేడ్‌మార్క్ ఉంది. ఒక మనిషి పేరు మీద ఆన్‌లైన్‌లో పెడితే ఒక తరగతికి ఫీజు 4,500. మిగతాదంతా చెప్పుకోవచ్చు. పూర్ణా మార్కెట్‌లో ఒకే సరుకు అమ్మే షాపులు వరసగా ఉంటాయి. ఒకరి రేటు ఒకరికి తెలుసు, ఒకరి సరుకు ఎక్కణ్నుంచి వస్తుందో ఇంకొకరికి తెలుసు. అయినా ఎవరి ఖాతాదార్లు వాళ్లకున్నారు. చెప్పకుండా దాచుకుంటే మీకు జరిగే నష్టం ఒకటుంది. అది ఇప్పటికే ఎవరో చేస్తున్నారన్న సంగతి మీకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ప్రశ్న: కూర్మన్నపాలెంలో ఉంటాను. వయసు 57. ఈ మధ్యే స్టీల్ ప్లాంట్‌లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నాను. ఒక టీ ఫ్రాంచైజీ వాళ్లు 12 లక్షలు పెడితే నెలకు లక్ష గ్యారంటీ అంటున్నారు. కప్పు 20 రూపాయలు, ఖర్చులు పోగా కప్పుకు 9 మిగులుతుందట. షాపు అద్దె 40 వేలు. ఐడియా మంచిదేనా?

జవాబు: అన్నయ్య గారూ, 12 లక్షలకు ఏడాదికి 12 లక్షలు తప్పకుండా వచ్చేటట్లయితే, ఆ కంపెనీవాళ్లు బ్యాంకు లోను తెచ్చుకుని ఊరంతా సొంత షాపులే పెట్టుకోరా? మీ డబ్బు ఎందుకు అడుగుతున్నారు? ఇది వాళ్లను అడగండి. జవాబు వినడానికి బాగుంటుంది.

వాళ్లు చెప్పిన అంకెలతోనే లెక్క కడదాం. అద్దె 40 వేలు. రెండు షిఫ్టులకు ముగ్గురు మనుషులు, 48 వేలు. కరెంటు, చిల్లర ఖర్చులు 12 వేలు. నెలకు లక్ష. దాని మీద మీకు లక్ష మిగలాలంటే కప్పుల మీద రెండు లక్షలు రావాలి. కప్పుకు 9 చొప్పున 22 వేల పైచిలుకు కప్పులు. రోజుకు 740. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంచినా గంటకు 46 కప్పులు, మధ్యాహ్నం ఎండలో కూడా. కంపెనీకి కట్టే రాయల్టీ వేరే ఉంటే ఇంకా ఎక్కువ. ఇప్పుడు వాళ్ల షాపు విశాఖలో ఇంకెక్కడైనా ఉంటే, ఒక మామూలు బుధవారం అక్కడ కూర్చుని కప్పులు లెక్కపెట్టండి. పదవీ విరమణ చేసినవాళ్లకు టైము ఒక పెట్టుబడి, దాన్ని ముందు వాడండి. ఆ తర్వాత మూతపడ్డ షాపుల వాళ్ల ఫోన్ నంబర్లు అడగండి. నడుస్తున్నవాళ్ల నంబర్లు వాళ్లే ఇస్తారు, అవి మీకు అక్కర్లేదు. ఒప్పంద కాగితంలో ఆ 'గ్యారంటీ' అన్న మాట ఎక్కడుందో చూపించమనండి. టీ పొడి, కప్పులు వాళ్ల దగ్గరే కొనాలని ఉంటే ఆ రేట్లు ఎవరు ఎప్పుడు పెంచుతారో కూడా అందులో చూడండి. డిస్పోజబుల్ కప్పులు నేనూ అమ్ముతాను కాబట్టి చెప్తున్నాను, లోగో వేసినంత మాత్రాన కప్పు రేటు రెట్టింపు కాకూడదు.

పోల్చి చూసుకోవడానికి ఒకటి చెప్తాను. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఈ మధ్య 8.2 శాతం ఇస్తున్నారు. 55 దాటి వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేస్తే అరవై నిండకపోయినా తీసుకుంటారు. 12 లక్షలకు మూడు నెలలకోసారి 24,600 వస్తుంది. నెలకు 8,200. టీ షాపు మీకు దీనికన్నా ఎంత ఎక్కువ ఇస్తుంది, ఆ ఎక్కువ కోసం పదహారు గంటలు నిలబడగలరా, మోకాళ్లు ఎలా ఉన్నాయి? వ్యాపారం చేయాలనే ఉంటే, పోయినా ఇల్లు గడిచేంత మొత్తంతోనే చేయండి. ఉక్కు పనిలో మీకున్న అనుభవం పక్కనపెట్టి టీ ఎందుకు అన్నది నాకైతే అర్థం కాలేదు. చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్ల వాళ్లకు క్వాలిటీ చూసిపెట్టే మనిషి కావాలి. దానికి 12 లక్షలు అక్కర్లేదు.

ప్రశ్న: తర్లువాడ దగ్గర మాకు కొంచెం స్థలం ఉంది. గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా, 60 లక్షలు లోను తీసి 20 గదుల పీజీ హాస్టల్ కట్టమని మా బావగారు అంటున్నారు. ఏమంటారు?

జవాబు: 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు విశాఖలో పెడతామని ప్రకటించింది, నిజమే. కానీ డేటా సెంటర్ అంటే ఐటీ ఆఫీసు కాదు. అంత పెద్ద భవనాల్లో ఎక్కువ చోటు మెషీన్లకే. కట్టేటప్పుడు జనం వేలల్లో ఉంటారు, నడిపేటప్పుడు బాగా తగ్గుతారు. కట్టేటప్పుడు వచ్చే కూలీలను కాంట్రాక్టర్లు సాధారణంగా సైటు పక్కనే షెడ్లు వేసి ఉంచుతారు. మీ బావగారి మనసులో ఉన్నది ఏసీ గదిలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. వాళ్లు మధురవాడ, రుషికొండ వైపు ఉండడానికే ఇష్టపడతారు, సినిమా హాలు అక్కడుంది.

60 లక్షలు 9 శాతం మీద 15 ఏళ్లకు తీస్తే ఈఎంఐ దాదాపు 61 వేలు. తిండి, కరెంటు, వంటమనిషి పోగా మంచానికి నెలకు 2,500 మిగులుతుందనుకున్నా, 25 మంచాలు ఎప్పుడూ నిండి ఉంటేనే కిస్తీ గడుస్తుంది. మీకు పైసా రాదు. పనులు మొదలైన మొదటి ఏడాది అక్కడ ఎవరు తిరుగుతున్నారో చూడండి. ఇంజినీర్లు, సర్వేయర్లు, క్రేన్ ఆపరేటర్లు నెలల తరబడి ఉండడానికి ఇళ్లు అడుగుతున్నారా? ఆనందపురంలో ఇళ్లు అద్దెకిప్పించే బ్రోకరును అడిగితే చెప్తాడు. అడుగుతుంటే, ఉన్న స్థలంలో నాలుగు గదులు, లోను లేకుండా, రేకుల కప్పుతో వేయండి. అవి ఏడాది పొడుగునా నిండితే పైన స్లాబు వేసుకోవచ్చు. బావగారు అంత నమ్మకంగా ఉంటే లోనులో సగానికి ఆయన్ని సంతకం పెట్టమనండి.